కాలేజీలో సోషియాలజీ, ఎత్నిక్ స్టడీస్ చదవాలనుకునేవాళ్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో సోషియాలజీ మేజర్‌గా (ప్రధాన సబ్జెక్టు), ఎత్నిక్ స్టడీస్ మైనర్‌గా (రెండో సబ్జెక్టు) డిగ్రీ చేశాను. ఇప్పుడు కాలేజీలో చేరబోయే తెలుగు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేదంతా ఇక్కడ ఒకచోట పెట్టాను. యూనిట్లు, కోర్సుల పేర్లు కాలేజీని బట్టి మారతాయి కాబట్టి ఆ వివరాలు మాత్రం మీ అడ్వైజర్‌నే అడగండి.

సోషియాలజీలో అసలు ఏం నేర్పిస్తారు?

ఒక పిల్లాడు రోజూ బడికి ఆలస్యంగా వస్తుంటే వాడికి బద్ధకం అనుకుంటాం. ఒకే వీధి నుంచి వచ్చే పిల్లలందరూ ఆలస్యంగా వస్తుంటే మాత్రం బస్సు సంగతి చూడాలి. ఆ రెండో చూపు అలవాటు చేయడమే సోషియాలజీ పని. కుటుంబం, చదువు, ఉద్యోగం, నేరం, ఆరోగ్యం, మతం, వలస, ఇలా దేన్ని తీసుకున్నా ఒక్క మనిషి దగ్గర ఆగకుండా, ఆ మనిషి చుట్టూ ఉన్న ఏర్పాటును చూస్తారు.

ఫ్రాన్స్‌లో ఎమిల్ దుర్ఖైమ్ 1897లోనే ఆత్మహత్యల మీద ఇలాంటి పని చేశాడు. అంత వ్యక్తిగతమైన విషయంలో కూడా ఒక్కో మతస్థుల్లో, ఒక్కో ప్రాంతంలో రేటు ఒక్కోలా ఉందని, ఏటా దాదాపు అలాగే నిలబడుతోందని లెక్కలతో చూపించాడు. ఇంచుమించు అదే సమయంలో అమెరికాలో డబ్ల్యూ.ఇ.బి. డుబోయ్స్ ఫిలడెల్ఫియాలోని సెవెంత్ వార్డులో ఇంటింటికీ తిరిగాడు. దాదాపు 2,500 ఇళ్లు, చాలావరకు ఒక్కడే. నల్లవాళ్ల పేదరికానికి కారణం వాళ్ల గుణమే అని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ఏ ఇంట్లో ఎంతమంది, ఎంత అద్దె, ఏ పనిలోకి రానివ్వడం లేదు అని రాసి 1899లో ప్రచురించాడు. నాకు మొదటి సెమిస్టర్‌లో ఈ సబ్జెక్టు మీద గౌరవం పుట్టింది ఆయన వల్లే.

మరి ఎత్నిక్ స్టడీస్ వేరే సబ్జెక్టా?

వేరేనే. అమెరికాలో ఇది ముఖ్యంగా నాలుగు సమూహాల చరిత్ర, జీవితం, సాహిత్యం, పోరాటాల చుట్టూ నడుస్తుంది. నేటివ్ అమెరికన్లు, ఆఫ్రికన్ అమెరికన్లు, ఏషియన్ అమెరికన్లు, లాటినోలు. సోషియాలజీ ఒక పద్ధతి పట్టుకుని ఏ సమాజాన్నైనా చూస్తుంది. ఎత్నిక్ స్టడీస్ ఈ సమూహాల దగ్గర నిలబడి, వాళ్ల మాటల్లోంచి దేశాన్ని చూస్తుంది. అందుకోసం చరిత్ర, చట్టం, కవిత్వం, ఇంటర్వ్యూ, ఏది అవసరమైతే అది వాడుతుంది.

ఇక్కడ తెలుగులో ఆలోచించేవాళ్లకు ఒక చిక్కు ఉంది. మనం ‘జాతి’ అనే ఒక్క మాటను దేశానికీ వాడతాం, తెగకూ వాడతాం, కులానికీ వాడతాం, పక్షులకూ పశువులకూ వాడతాం. క్లాసులో రేస్ (రంగు, రూపం చూసి సమాజం పెట్టిన గుంపు) వేరు, ఎత్నిసిటీ (భాష, సంస్కృతి, మూలాలు) వేరు, నేషన్ (దేశం) వేరు. మొదటి నెలలో నా నోట్స్‌లో మూడింటికీ ‘జాతి’ అని రాసుకుని పరీక్ష ముందు తల పట్టుకున్నాను. ఈ మాటల్ని అలాగే ఇంగ్లీషులో ఉంచి రాసుకోండి. తేడా తెలిశాక అనువాదం గురించి ఆలోచించవచ్చు.

ఈ సబ్జెక్టు ఎలా మొదలైంది?

విద్యార్థుల సమ్మెతో మొదలైంది. 1968 నవంబర్ 6న శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో బ్లాక్ స్టూడెంట్ యూనియన్, దానితో కలిసి థర్డ్ వరల్డ్ లిబరేషన్ ఫ్రంట్ సమ్మెకు దిగాయి. నల్లజాతి, ఏషియన్, లాటినో, నేటివ్ విద్యార్థులు ఒకటిగా నిలబడటం అప్పటికి కొత్త. తమ చరిత్ర చెప్పే కోర్సులు కావాలి, తమవాళ్లు టీచర్లుగా కావాలి, తమ ప్రాంతాల పిల్లలకు సీట్లు కావాలి అన్నవి వాళ్ల డిమాండ్లు. క్యాంపస్ నిండా పోలీసులు, వందల అరెస్టులు. కాలేజీకి అప్పటి తాత్కాలిక ప్రెసిడెంట్ ఎస్.ఐ. హయకావా డిసెంబర్లో విద్యార్థుల మైకు బండి ఎక్కి స్వయంగా వైర్లు పీకేశాడు. ఆయన కూడా జపనీస్ సంతతివాడే. ఈ సంగతి మా ప్రొఫెసర్ చెప్పినప్పుడు క్లాసులో చాలాసేపు చర్చ జరిగింది, ఎందుకంటే ‘మనవాడు’ అనుకున్నంత మాత్రాన మనవైపు ఉంటాడని లేదు కదా.

సమ్మె దాదాపు ఐదు నెలలు సాగి 1969 మార్చిలో ముగిసింది. దాని ఫలితంగా అక్కడ కాలేజ్ ఆఫ్ ఎత్నిక్ స్టడీస్ వచ్చింది. బర్కిలీలో కూడా 1969 మొదట్లో ఇలాంటి సమ్మే జరిగి డిపార్ట్‌మెంట్ ఏర్పడింది. ‘ఏషియన్ అమెరికన్’ అనే మాట కూడా 1968లో బర్కిలీ విద్యార్థులు పెట్టుకున్నదే. అంతకుముందు చైనీయులు, జపనీయులు, ఫిలిపినోలు ఎవరికి వారే.

కాలిఫోర్నియాలో ఇది తప్పనిసరి అంటున్నారు, నిజమేనా?

కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) క్యాంపస్‌లలో నిజమే. 2020లో వచ్చిన ఏబీ 1460 చట్టం ప్రకారం డిగ్రీ పూర్తి కావాలంటే 3 యూనిట్ల ఎత్నిక్ స్టడీస్ కోర్సు ఒకటి చేయాలి. పేరులో ‘రేస్’ అని ఉన్న ప్రతి కోర్సూ దీనికి పనికిరాదు. క్యాటలాగ్‌లో ఆ రిక్వైర్‌మెంట్ కింద ఉందో లేదో చూసుకునే చేరండి. కమ్యూనిటీ కాలేజీ నుంచి ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్లు అక్కడే పూర్తి చేసుకుంటే డబ్బు కలిసొస్తుంది.

ఇందులో భారతీయుల గురించి ఏమైనా ఉంటుందా?

ఉంటుంది. ఐటీ ఉద్యోగాలతోనే మనవాళ్లు ఇక్కడికి రావడం మొదలైందనుకునేవాళ్లకు ఈ భాగం కళ్లు తెరిపిస్తుంది.

1790 నుంచి అమెరికాకు వలస వచ్చినవాళ్లలో పౌరసత్వం ‘స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్లకు’ మాత్రమే అని చట్టం. అంతర్యుద్ధం తర్వాత ఆఫ్రికా సంతతివాళ్లను కూడా చేర్చారు. మధ్యలో ఉన్నవాళ్లు కోర్టుకెళ్లి ‘మేం తెల్లవాళ్లమే’ అని నిరూపించుకోవాల్సి వచ్చేది. 1922 నవంబర్‌లో టకావో ఒజావా అనే జపనీయుడితో సుప్రీంకోర్టు, చర్మం రంగు చాలదు, తెల్లవాడు అంటే అప్పటి శాస్త్రం ‘కాకేషియన్’ అని పిలిచే రేస్‌వాడు అంది. మూడు నెలలకు, 1923 ఫిబ్రవరిలో, భగత్ సింగ్ థింద్ కేసు వచ్చింది. పంజాబీ, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఆనాటి శాస్త్రం ప్రకారం ఉత్తర భారతీయులు కాకేషియన్లే కాబట్టి, మీరు చెప్పిన లెక్కలోనే నేను తెల్లవాణ్ణి అన్నాడు. అదే కోర్టు ఈసారి శాస్త్రాన్ని పక్కనపెట్టి, మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావు అంది. ఆ తీర్పు తర్వాత అప్పటికే పౌరసత్వం వచ్చిన పదుల మంది భారతీయుల పౌరసత్వం రద్దుచేశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడిపిన వైష్ణో దాస్ బగాయ్ ఆ అవమానం భరించలేక 1928లో ప్రాణం తీసుకున్నాడు.

థింద్ వాదనలో ఇంకో సంగతి ఉంది. తాను ‘ఉన్నత కులం’ వాడినని, కింది కులాలతో కలవనని, అదే తాను తెల్లవాడిననడానికి సాక్ష్యమని ఆయన తరఫున చెప్పారు. అన్యాయానికి గురైన మనిషే ఇంకొకరి మీది అన్యాయాన్ని ఆధారంగా చూపించాడు. ఈ కేసు చదివేటప్పుడు రెండూ కనబడాలి. ఒకటే కనబడితే సగమే చదివినట్టు.

1920 నుంచి 1940 దాకా జనాభా లెక్కల్లో భారతీయులకు పెట్టిన రేస్ పేరు ‘హిందూ’. అప్పుడు ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది సిక్కులు! 1970లో మనల్ని తెల్లవాళ్ల కింద లెక్కేశారు. 1980లో ‘ఏషియన్ ఇండియన్’ అని విడిగా గడి వచ్చింది. మనుషులు వాళ్లే, గడి మారింది. గడి ఎవరు గీశారు, ఎందుకు మార్చారు అని అడగడం నేర్పడమే ఈ చదువులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని.

1946లో చట్టం మారి భారతీయులకు పౌరసత్వం దొరికింది, కాకపోతే వలసకు ఏడాదికి 100 మందే. పదేళ్లకు దలీప్ సింగ్ సౌంద్ కాలిఫోర్నియా నుంచి అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. మనం ఇన్ని లక్షలమంది ఇక్కడికి రాగలగడానికి తలుపు తెరిచింది 1965 వలస చట్టం. అది పౌరహక్కుల ఉద్యమం నడుస్తున్న కాలంలో, ఆ వాతావరణంలో వచ్చింది. నల్లవాళ్ల పోరాటానికీ మనకూ సంబంధం ఏంటని అడిగేవాళ్లకు నేను ముందు ఈ సంవత్సరమే చెప్తాను.

కులం గురించి కూడా మాట్లాడాల్సి వస్తుందా?

వస్తుంది, రావాలి కూడా. కాల్ స్టేట్ వ్యవస్థ 2022 జనవరిలో తన వివక్ష వ్యతిరేక విధానంలో కులాన్ని చేర్చింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో రాష్ట్రమంతటికీ ఇలాంటి బిల్లు శాసనసభలో గెలిచాక గవర్నర్ వీటో చేశారు. క్లాసులో ‘ఇప్పుడు కులం ఎక్కడుంది’ అని చెప్పబోయే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ మాట అనగలిగేది ఎవరు, అనలేనిది ఎవరు అని చూడండి. నేను మొదటి ఏడాది ఆ మాట అన్నాను. పక్క బెంచీలో ఒక తెలుగు అబ్బాయి ఉన్నాడు. ఏమీ మాట్లాడలేదు. సెమిస్టర్ చివర్లో తన ఇంటిపేరు ఎవరికీ ఎందుకు పూర్తిగా చెప్పడో నాకు చెప్పాడు. ఆ రోజు నుంచి ఆ మాట మళ్లీ అనలేదు.

లెక్కలు ఉంటాయా? నాకు మ్యాథ్స్ అంటే భయం.

ఉంటాయి. సోషియాలజీ మేజర్‌లో సాధారణంగా ఒక స్టాటిస్టిక్స్ కోర్సు, పరిశోధన ఎలా చేయాలో నేర్పే మెథడ్స్ కోర్సులు ఒకటో రెండో తప్పవు. కాల్‌క్యులస్ అక్కర్లేదు. శాతాలు, సగటు, శాంపిల్, రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో చూసే లెక్క) దాకా వెళ్తారు. ఆర్, స్టాటా లేదా ఎస్‌పీఎస్‌ఎస్ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్ వాడటం నేర్పిస్తారు. చాలామంది ఈ కోర్సుల్ని చివరి ఏడాదికి నెడతారు, అది పెద్ద తప్పు. రెండో ఏడాదిలోనే చేసేయండి. ఆ తర్వాత చదివే ప్రతి పేపరూ వేరేగా కనిపిస్తుంది.

ఈ అంకెలు ఏం చేయగలవో ఒక ఉదాహరణ. డెవా పేజర్ అనే పరిశోధకురాలు మిల్వాకీలో యువకుల్ని జంటలుగా చిన్నస్థాయి ఉద్యోగాలకు పంపింది. నల్లవాళ్ల జంట ఒకటి, తెల్లవాళ్ల జంట ఒకటి. ఒకేలాంటి అర్హతలు. ప్రతి జంటలో ఒకరు మాత్రం జైలుకెళ్లి వచ్చినట్టు రాశారు, వారం వారం మార్చుకుంటూ. 2003లో వచ్చిన ఫలితం ఇది: జైలు రికార్డు ఉన్న తెల్లవాళ్లకు 17 శాతం చోట్ల తిరిగి పిలుపు వచ్చింది. ఏ రికార్డూ లేని నల్లవాళ్లకు 14 శాతం చోట్లే. వివక్ష ఉందా లేదా అని గంటలకొద్దీ వాదించుకోవచ్చు. ఈ రెండు అంకెల ముందు ఆ వాదన వేరే మలుపు తిరుగుతుంది.

థియరీ అర్థం కాదంటారు. దాన్ని ఎలా చదవాలి?

ప్రతి పెద్ద మాట వెనక ఒక చిన్న సంఘటన వెతకండి. ‘ఇంటర్‌సెక్షనాలిటీ’ చూడండి. మాట వినగానే టెన్షన్ వస్తుంది. న్యాయశాస్త్ర ప్రొఫెసర్ కింబర్లే క్రెన్‌షా 1989లో దీన్ని వివరించడానికి వాడిన కేసుల్లో ఒకటి ఒక కార్ల ఫ్యాక్టరీది. అక్కడ నల్లజాతి ఆడవాళ్లను చాలా ఆలస్యంగా పనిలోకి తీసుకున్నారు, తీసేసేటప్పుడు చివర వచ్చినవాళ్లే ముందు వెళ్లాలన్నారు. వాళ్లు కోర్టుకెళ్తే, కంపెనీ ఆడవాళ్లను తీసుకుంది కదా, నల్లవాళ్లను తీసుకుంది కదా అంది కోర్టు. తీసుకున్న ఆడవాళ్లు తెల్లవాళ్లు, తీసుకున్న నల్లవాళ్లు మగవాళ్లు. ఈ రెండు దారులూ కలిసే చోట నిలబడ్డవాళ్లు ఎవరికీ కనబడలేదు. ఇంతే ఆ మాట.

వారానికి వంద, నూటయాభై పేజీల రీడింగ్స్ రావడం మామూలే. మొదట ముగింపు చదవండి, తర్వాత మొదలు, ఆ తర్వాత మధ్యలోకి వెళ్లండి. రచయిత ఎవరితో గొడవపడుతున్నాడో ఒక్క వాక్యంలో మార్జిన్‌లో రాసుకోండి.

ఇంటర్వ్యూలు చేయాలంటారు. అది ఎలా ఉంటుంది?

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, నాకు ఈ చదువు నిజంగా ఒంటబట్టింది ఇక్కడే.

మెథడ్స్ క్లాసు కోసం నేను హెచ్-4 వీసా మీద వచ్చిన ఒకావిడను ఇంటర్వ్యూ చేశాను. భర్త ఉద్యోగం మీద ఆధారపడే ఆ వీసాలో చాలా ఏళ్లపాటు పని చేయడానికి వీల్లేదు. గ్రీన్ కార్డు ప్రక్రియలో ఒక దశ దాటినవాళ్ల భార్యాభర్తలకు 2015లో పని అనుమతి మొదలైంది. ఆవిడ పెద్ద చదువు చదివి, పని మానేసి వచ్చింది. సర్టిఫికెట్ల ఫైలు తెచ్చి ఒక్కొక్క ప్లాస్టిక్ కవరూ తిప్పుతూ చూపించింది. అపాయింట్‌మెంట్ ఆర్డర్ దగ్గర ఆగింది. తర్వాత, “ఏముందమ్మా, ఇప్పుడు ఖాళీగానే ఉంటున్నా” అంది.

గంట రికార్డింగ్‌ను కాగితం మీద పెట్టడానికి నాకు ఆరు గంటలు పట్టింది. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో ‘ఉద్యోగం చేయడం లేదు’ అన్నట్టు రాసిచ్చాను. ప్రొఫెసర్ రికార్డింగ్ విని, మార్జిన్‌లో రెండు ప్రశ్నలు రాశారు. “ఈ మాటకు ముందు పదకొండు సెకన్లు ఏమీ లేదు. అక్కడ ఏం జరిగింది?” రెండోది, “ఆమె వాడిన మాటకు ఇంకేమైనా అర్థాలున్నాయా?”

మళ్లీ విన్నాను. ఆ పదకొండు సెకన్లలో ప్లాస్టిక్ కవర్ చప్పుడు మాత్రమే ఉంది. ‘ఖాళీ’ సంగతి ఆలోచిస్తే, తెలుగులో అది తీరికకూ వాడతాం, పనిలేకపోవడానికీ వాడతాం, ఏమీ లేని గిన్నెకూ వాడతాం. ఇద్దరు పిల్లల్ని, ఇంటిని పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒక్కతే చూసుకునే మనిషి తన గురించి ఆ మాట అంది. రెండో డ్రాఫ్టులో ‘ఖాళీ’ని అలాగే ఉంచి, కింద ఒక పేరా వివరించాను. నా పేపర్ మొత్తం ఆ పేరా చుట్టూ తిరిగింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఈ చదువులో ఇలాంటి బలం ఉంది. దాన్ని ఇంటి దగ్గర వదిలేసి రాకండి.

ఎవరినైనా అడిగి రాసేయొచ్చా? అనుమతి అక్కర్లేదా?

అక్కర్లేదు అనుకోకండి. 1932 నుంచి 1972 దాకా అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో ప్రభుత్వ ఆరోగ్య శాఖ సిఫిలిస్ ఉన్న నల్లవాళ్లకు అసలు సంగతి చెప్పకుండా, మందు దొరికాక కూడా ఇవ్వకుండా రోగం ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది. అది బయటపడ్డాకే మనుషుల మీద పరిశోధనకు గట్టి నియమాలొచ్చాయి. మనుషుల మీద పరిశోధన చేసే యూనివర్సిటీల్లో, ఆ పరిశోధనకు అనుమతిచ్చే ఐఆర్‌బీ అనే కమిటీ ఉంటుంది. క్లాసు అసైన్‌మెంట్‌కు చాలాసార్లు పూర్తి అనుమతి అవసరం ఉండదు, కానీ అది తేల్చేది మీ ప్రొఫెసర్, మీరు కాదు. పేర్లు మార్చండి, సమ్మతి తీసుకోండి, వద్దంటే ఆపేయండి. మన సమాజంలో అందరూ అందరికీ తెలుసు. పేరు మార్చినా ఊరు, ఆఫీసు, పిల్లల సంఖ్య చెప్తే మనిషిని గుర్తుపట్టేస్తారు.

తెల్లవాళ్లను తిట్టడమే ఈ క్లాసు అంటారు?

నేను కూర్చున్న క్లాసుల్లో అలా జరగలేదు. రచయితలు ఒకరితో ఒకరు గట్టిగా విభేదిస్తారు, విద్యార్థులూ విభేదించవచ్చు. ఆధారం చూపించాలి, అంతే. ఈ సబ్జెక్టుల మీద రాజకీయ ఒత్తిడి ఉన్నమాట వాస్తవం. అరిజోనా 2010లో చట్టం చేసి టూసాన్ స్కూళ్లలో మెక్సికన్ అమెరికన్ స్టడీస్‌ను ఆపించింది. 2017లో ఫెడరల్ జడ్జి వాలెస్ తషీమా అది రాజ్యాంగ విరుద్ధమన్నారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జపనీస్ అమెరికన్లను నిర్బంధించిన క్యాంపుల్లో కొన్ని అదే అరిజోనాలో ఉండేవి, ఆ జడ్జి చిన్నప్పుడు వాటిలో ఒకదానిలో ఉన్నవారే. ఫ్లోరిడా 2024లో సోషియాలజీ పరిచయ కోర్సును స్టేట్ యూనివర్సిటీల జనరల్ ఎడ్యుకేషన్ కోర్ కోర్సుల జాబితా నుంచి తీసేసింది. ఏ రాష్ట్రంలో చదవబోతున్నారో చూసుకుని, ప్రోగ్రామ్ పరిస్థితి డిపార్ట్‌మెంట్‌నే నేరుగా అడగండి.

ఉద్యోగాలొస్తాయా?

డిగ్రీతోనే ‘సోషియాలజిస్ట్’ అనే పేరుతో ఉద్యోగం రావడం కష్టం, దానికి కనీసం మాస్టర్స్ అడుగుతారు. డిగ్రీ చేసినవాళ్లు స్వచ్ఛంద సంస్థలు, ప్రజారోగ్య శాఖలు, స్కూళ్లు, హెచ్ఆర్, కంపెనీల్లో వినియోగదారుల మీద పరిశోధన చేసే టీములు, ఇలాంటి చోట్లకు వెళ్తారు. సోషల్ వర్క్ మాస్టర్స్ సాధారణంగా రెండేళ్లు. లా స్కూల్‌కు వెళ్లేవాళ్లు కూడా ఎక్కువే. స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకున్నవాళ్లకీ, తప్పించుకున్నవాళ్లకీ మొదటి ఉద్యోగం దొరకడంలో తేడా నా క్లాస్‌మేట్లలో స్పష్టంగా చూశాను. మైనర్‌గా డేటా సైన్స్‌గానీ, పబ్లిక్ హెల్త్‌గానీ చేర్చుకుంటే మంచిది.

ఇండియా నుంచి ఎఫ్-1 వీసా మీద వచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక. సోషియాలజీ డిగ్రీకి సాధారణంగా 12 నెలల ఓపీటీ (చదువు తర్వాత ఇక్కడ పనిచేసే అనుమతి) మాత్రమే ఉంటుంది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) డిగ్రీలకు ఉండే 24 నెలల పొడిగింపు రాదు. లోన్ తీసుకునే ముందే ఈ లెక్క వేసుకోండి.

మెడిసిన్‌కు వెళ్లాలనుకునేవాళ్లకు ఉపయోగమా?

అవును. 2015 నుంచి మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో మనస్తత్వ, సామాజిక అంశాల మీద ఒక పూర్తి సెక్షన్ ఉంది, అందులో దాదాపు 30 శాతం సోషియాలజీ. సైన్స్ ప్రీరిక్విజిట్లు పూర్తి చేస్తే ఏ మేజర్‌తోనైనా మెడికల్ స్కూల్‌కు అప్లై చేయవచ్చు.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఎలా చెప్పాలి?

కొట్లాడకండి. అమ్మానాన్నల భయం డబ్బు గురించి, వీసా గురించి. వాళ్లు ఇక్కడ నిలదొక్కుకోవడానికి పడ్డ కష్టంలోంచి వచ్చిన భయం అది. ఉద్యోగాలు, వీసా గురించి పైన చెప్పినవి కాగితం మీద రాసి, నాలుగేళ్ల కోర్సుల ప్లాన్‌తో కూర్చుని మాట్లాడండి. మా నాన్న ఆర్నెల్లు సరిగ్గా మాట్లాడలేదు. థింద్ తీర్పు మీద నేను రాసిన పేపర్ టేబుల్ మీద వదిలేసి కాలేజీకి వెళ్తే, సాయంత్రానికి అందులో రెండు చోట్ల పెన్సిల్‌తో ప్రశ్నలు రాసి పెట్టారు. అక్కడి నుంచి మా మధ్య మాటలు మళ్లీ మొదలయ్యాయి.

చేరేలోపు ఏమైనా చేయొచ్చా?

రెండు పనులు. జనరల్ సోషల్ సర్వే అని 1972 నుంచి అమెరికాలో నడుస్తున్న సర్వే ఉంది, దాని డేటా ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మీకు కుతూహలం ఉన్న ఒక్క ప్రశ్న తీసుకుని, దశాబ్దానికో సంవత్సరం చొప్పున జవాబులు ఎలా మారాయో చూడండి. రెండోది, మీ ఇంట్లో మొదట అమెరికా వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, ఇక్కడ ఫారంలో రేస్ అడిగిన మొదటిసారి ఏ గడిలో టిక్ పెట్టారో అడగండి. వాళ్లు ఒప్పుకుంటే రికార్డు చేయండి. జవాబు చెప్పే ముందు ఎంతసేపు ఆగారో కూడా రాసుకోండి.